మూసిన గది ముందు కలెక్టరు

అమ్మాజీ ధనిష్ఠా నక్షత్రంలో పోయింది. అది మంచిది కాదని ముందే తెలిసుంటే ఆవిడ ఓ వారం ఓపిక పట్టేది. ఇంట్లో వాళ్లని ఇబ్బంది పెట్టడం ఆవిడకు బొత్తిగా నచ్చని పని. కానీ రాత్రి దాకా నిక్షేపంలా తిరిగిన మనిషి తెల్లారేసరికి మంచం మీద చల్లబడి ఉంది. గుండె అన్నాడు డాక్టరు. నక్షత్రం అన్నాడు పురోహితుడు. ఆ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలట.

మూసి ఎక్కడికి పోవాలి? దిల్‌సుఖ్‌నగర్ సందులో మూడో అంతస్తు ఫ్లాటు అది. చావు జరిగిన ఇంటి నుంచి వచ్చే ముసలాయనకి, పైగా కుక్కని వెంటేసుకొచ్చేవాడికి, ఎవరు అద్దెకిస్తారు? పురోహితుడు రామస్వామి గారు కూడా ఫ్లాటులో ఉండేవాడే కాబట్టి ఆయనే దారి చూపించాడు. "ఇల్లంతా అక్కర్లేదు లెండి. ప్రాణం పోయిన గది ఒక్కటీ మూసి తాళం వేయండి. ఆర్నెల్ల తర్వాత శాంతి చేయించి తెరుద్దాం. ఈలోపు ఎవరూ అడుగు పెట్టకూడదు."

పట్టాభికి ఇలాంటి పట్టింపులు లేవు. జీవితమంతా కోచింగ్ సెంటర్లో, బ్యాంకు పరీక్షలకి వచ్చే పిల్లలకి లెక్కలు చెప్పినవాడు. రుజువు లేనిదే వంకాయ కూర కూడా బాగుందని ఒప్పుకోడని అమ్మాజీ వెక్కిరించేది. కానీ కూతురు తన్మయి ఏడ్చింది. విజయవాడ తిరిగి వెళ్లే ముందు తండ్రి చెయ్యి పట్టుకుని, "నాకోసం నాన్నా" అంది. సరేనని తాళం వేశాడు. ఆ హడావిడిలో ఆయన మంచి ప్యాంట్లు, దగ్గరి చూపు కళ్లజోడు, పక్కబట్టలు అన్నీ లోపలే ఉండిపోయాయి. హాల్లో దివాన్ మీద పడుకోవడం మొదలుపెట్టాడు. పడుకుంటే ఎదురుగా ఆ తలుపే కనిపిస్తుంది.

ఇక కుక్క సంగతి. అది అమ్మాజీ కుక్క. అంతకు ముందు వానాకాలంలో తన్మయిని విజయవాడ బస్సు ఎక్కించి వస్తానని ఎల్‌బీ నగర్ వెళ్లిన మనిషి, ఫ్లైఓవర్ కింద దొరికిన గుప్పెడంత కూనని కూరగాయల సంచిలో పెట్టుకుని మెట్రో దిగింది.

"కూతుర్ని పంపించి రమ్మంటే కుక్కని తెచ్చావేంటి?" అన్నాడు పట్టాభి.

"వానలో తడుస్తోందండీ."

"సిటీలో కుక్కలన్నీ వానలో తడుస్తాయి."

"అన్నిటినీ తేలేదుగా, ఒక్కదాన్నేగా తెచ్చాను" అని, కూనని తుండుగుడ్డలో తుడుస్తూ పేరు కూడా పెట్టేసింది. "ఇన్నేళ్లు వేలమందికి పాఠాలు చెప్పారు. ఒక్క కలెక్టరైనా తయారయ్యాడా? నేను తయారుచేస్తా చూడండి. ఒరేయ్ కలెక్టరూ!"

చేసింది కూడా. రోజూ దీపాలు పెట్టే వేళకి ఓ ఉడికించిన గుడ్డు గిన్నెలో వేసుకుని, కలెక్టరుని వెంటబెట్టుకుని పడకగదిలోకి వెళ్లి తలుపు వేసేసుకునేది. పట్టాభికి ప్రవేశం లేదు. "మిమ్మల్ని చూస్తే వీడి ధ్యాస పోతుంది. క్లాసు పాడవుతుంది" అనేది. ఆయన బయట దివాన్ మీద పేపరు చదువుకుంటూ తలుపు అవతల మాటలు వినేవాడు. కూర్చో. పడుకో. చెయ్యి. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, శభాష్. ఆ శభాష్ మాత్రం ఆవిడ గట్టిగా అనేది కాదు. గొంతు బాగా దించి, రహస్యం చెప్పినట్టు అనేది. ఆ వెనకే గుడ్డు ముక్క నమిలే చప్పుడు. కుక్క కూర్చోవడం, చెయ్యెత్తడం పట్టాభి ఎప్పుడూ కళ్లారా చూడలేదు. అంతా మూసిన తలుపు అవతల జరిగిన చదువే.

ఆవిడ పోయేనాటికి కలెక్టరు ఆర్నెల్ల కూన. తర్వాత రెండు మూడు నెలల్లో కాళ్లు సాగాయి, మూతి సాగింది, పొగరు అన్నిటికంటే ఎక్కువ సాగింది. ఒక చెవి నిటారుగా నిలబడి, రెండోది సగంలో వాలిపోయింది. పాలు పోస్తే విరేచనాలు. పొట్ట కింద అరచెయ్యంత మేర బొచ్చు ఊడి ఎర్రగా పొక్కింది. కుడి చెప్పులు వదిలేసి ఎడమ చెప్పులే కొరికేది, అది ఏ శాస్త్రం ప్రకారమో పట్టాభికి అంతుపట్టలేదు. పొద్దున్నే బయటికి తీసుకెళ్తే కుక్కని ఆయన నడిపించడం కాదు, ఆయన్నే అది లాక్కుపోయేది. హాస్టళ్ల ముందు ఆడపిల్లలు ముద్దు చేస్తే వాళ్ల బ్యాగుల్లో తల దూర్చేది. స్కూటరు కనిపిస్తే ప్రాణం మీదికి తెచ్చుకునేది.

"కూర్చో!" అని పట్టాభి గద్దించేవాడు. రెండొందల మంది హాలులో చివరి బెంచీకి వినపడేలా గద్దించి అలవాటైన గొంతు అది. సందులో మనుషులంతా తిరిగి చూసేవారు. కలెక్టరు తప్ప.

కింది ఫ్లాటులో ఉండే అంతయ్య ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరై సొంత ఆటో నడుపుకుంటున్న మనిషి, నల్గొండ వైపు వాడు. ఆయన గేటు దగ్గర నిలబడి రోజూ ఈ తమాషా చూసేవాడు. "ఏంది సార్, కుక్కతోని గంత లొల్లి? అమ్మ ఉన్నప్పుడు మంచిగ ఇంటుండె కదా."

"అప్పుడు చిన్నది. ఇప్పుడు కొవ్వెక్కింది" అనేవాడు పట్టాభి. ఆవిడ మాట విని తన మాట వినకపోవడం ఆయనకి అవమానంగా ఉండేది. అంతకంటే ఎక్కువగా దిగులుగా ఉండేది. అమ్మాజీ చేసిన పనుల్లో మిగిలింది అదొక్కటే. అది కూడా తన చేతిలో పాడైపోతోంది.

ఒక సాయంత్రం సైదాబాద్ వైపు నుంచి నమాజు పిలుపు వినిపించి ఆగింది. చుట్టుపక్కల వంటిళ్లలో కుక్కర్లు కూస్తున్నాయి. పట్టాభి ఇంకా లైటు వెయ్యలేదు. దివాన్ కింద పడుకున్న కలెక్టరు లేచి, ఒళ్లు విరుచుకుని, నేరుగా మూసిన గది దగ్గరికి వెళ్లింది. తలుపు ముందు ఆగింది. తల ఎడమ పక్కకి బాగా వంచింది, లోపలి నుంచి ఎవరో మెల్లగా మాట్లాడుతుంటే చెవి ఒగ్గినట్టు.

తర్వాత కూర్చుంది.

పట్టాభి దివాన్ మీద ముందుకి వంగాడు. కలెక్టరు తిన్నగా, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. కాసేపు ఆగి పడుకుంది. మళ్లీ లేచి కూర్చుని, కుడికాలు పైకెత్తి తలుపు వైపు చాపింది. కూర్చో. పడుకో. చెయ్యి. అదే వరస.

పట్టాభి ఫ్యాను కట్టేసి విన్నాడు. తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. భయం వేసింది, నిజమే. కానీ ఆ భయం అడుగున ఇంకోటుంది. ఆవిడ పోయాక ఇన్నాళ్లకి ఆ ఇంట్లో ఆయనకి ఒంటరిగా అనిపించలేదు.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. తల వంచడం మాత్రం పగలు కూడా చేస్తుండటంతో, ఎడమ చెవి నుంచి వాసన కూడా వస్తుండటంతో, పట్టాభి ఎల్‌బీ నగర్‌లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టర్ సౌజన్య చిన్న వయసు పిల్ల, నిదానస్తురాలు. పొట్ట కింద పొక్కులకి పూత రాసిచ్చింది. పాలు మాన్పించమంది. చెవిలోకి లైటు వేసి చూసి మొహం చిట్లించింది.

"చీము పట్టింది సార్. తల ఒక దిక్కు వంచుడు దీని వల్లనే, నొప్పికి. గీ డ్రాప్స్ పొద్దుగాల, సాయంత్రం వెయ్యాలె. మధ్యల మాత్రం ఆపొద్దు. ఆపితే లోపటి చెవికి పోతది. వినికిడి పోవచ్చు."

"మాట అసలు వినడం లేదమ్మా" అన్నాడు పట్టాభి.

ఆమె నవ్వింది. "మనుషులల్ల ఇంటర్ పిల్లల వయసు సార్ దానిది. ఇప్పుడు ఎవరి మాట వింటది? మీరు గట్టిగ అరుస్తున్నరా? అరవొద్దు. మెల్లగ చెప్పండి. చెప్పినట్టు చేసినంక ఏమన్న పెట్టండి, మెచ్చుకోండి. చేసినా ఏం దొరకకపోతే ఎవరు చేస్తరు చెప్పండి?"

పట్టాభి తలూపాడు. తలుపు సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రం చెవిలో మందు వేశాడు. కలెక్టరు గింజుకుని, తల టపటపా విదిలించుకుని, దివాన్ కిందికి దూరి అలిగింది. దీపాల వేళ దాటిపోయినా తలుపు దగ్గరికి వెళ్లలేదు. మర్నాడు మందు వేశాడు, వెళ్లలేదు. మూడోనాడు పాల ప్యాకెట్టుకని కిందికి దిగి అంతయ్యతో కబుర్లలో పడి మందు మర్చిపోయాడు. పైకి వచ్చేసరికి కలెక్టరు తలుపు ముందు తల వంచి కూర్చుని ఉంది.

రెండు లెక్కలు కుదిరాయని సూత్రం కట్టెయ్యకండ్రా అని ఎన్ని వందల మంది పిల్లల్ని తిట్టుంటాడో ఆయనకే గుర్తు లేదు. ఆ మనిషి ఆ సాయంత్రం చీకటి హాల్లో నిలబడి, సరిగ్గా ఆ తప్పే చేశాడు. మందు వేస్తే వినపడదు. వెయ్యకపోతే వినపడుతుంది. ఆ చెవిలో ఉన్నది జబ్బు కాదేమో, దారేమో. డాక్టరు దాన్ని మూసెయ్యమంటోంది.

మందు సీసా తీసి హాల్లో పుస్తకాల బీరువా మీద పెట్టాడు. పొక్కులకి పూత మాత్రం మానకుండా రాశాడు. మనసుకి ఏదో ఒక సర్దుబాటు కావాలి కదా.

అక్కడి నుంచి సాయంత్రాల కోసం పగళ్లని నెట్టుకొచ్చాడు. కలెక్టరు తలుపు దగ్గరికి వెళ్లగానే ఆయన దివాన్ చివరికి జరిగి, మెల్లగా కబుర్లు మొదలుపెట్టేవాడు. "తన్మయి ఫోన్ చేసింది అమ్మాజీ. పిల్లాడికి జ్వరం తగ్గిందట." "నా కళ్లజోడు కిటికీ దగ్గర పెట్టినట్టు గుర్తు, తీసి పక్కన పెట్టు, తొక్కేవు." చెప్పి, కుక్క వైపు చూసేవాడు. అది తల ఇంకాస్త వంచితే సమాధానం వచ్చినట్టే. అంతకంటే ఆయన అడగలేదు.

ఒక సాయంత్రం, కలెక్టరు చెయ్యెత్తి ఉంది. పట్టాభి చూస్తూ ఉన్నాడు. అప్పుడు వినిపించింది. గొంతు బాగా దించి, రహస్యం చెప్పినట్టు, శభాష్. ఎక్కడో కాదు, ఆ హాల్లోనే, తలుపుకి అటో ఇటో. పట్టాభి చేతిలో ఉన్న గ్లాసులో టీ ఒలికి లుంగీ మీద పడింది. వేడి కూడా తెలియలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తన్మయికి కూడా చెప్పలేదు. చెబితే ఆ పిల్ల వచ్చి తనని విజయవాడ తీసుకుపోతుంది. అప్పుడు ఈ సాయంత్రాలు ఎవరికి?

అంతయ్య మాత్రం చూడనే చూశాడు. కరెంటు బిల్లు ఇద్దామని పైకి వచ్చి, తెరిచున్న వాకిట్లో నిలబడిపోయాడు. కలెక్టరు తలుపుకి చెయ్యి చాపి ఉంది.

"సార్" అన్నాడు. "అమ్మ ఉన్నది లోపట."

"నీకూ అలాగే అనిపించిందా?" పట్టాభి ఎంత ఆత్రంగా అడిగాడంటే అంతయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కుక్కలకు ఎరుకైతది సార్. మనకు కనవడనియి కనవడ్తయ్. గని గిది మంచిది గాదు. పోయినోళ్లను గట్ల ఆపుకోవద్దు. పరేషాన్ అయితరు, మనం గూడ పరేషాన్ అయితం." బిల్లు గడప మీదే పెట్టి దిగిపోయాడు. ఆ తర్వాత సాయంత్రం పూట పైకి రావడం మానేశాడు.

రోజులు గడిచేకొద్దీ కలెక్టరు అన్నం సగం వదిలేయసాగింది. చెప్పులు కొరకడం మానేసింది. స్కూటర్లని పట్టించుకోవడం మానేసింది. నడకలో లాగడం లేదు. బుద్ధి వస్తోందనుకున్నాడు పట్టాభి. తల మాత్రం పగలంతా వంగే ఉంటోంది. చెవి దగ్గర చెయ్యి పెడితే మూలిగేది. ఆ మూలుగు విన్నప్పుడు బీరువా మీది సీసా గుర్తొచ్చేది. రేపు వేద్దాం అనుకునేవాడు. సాయంత్రం రాగానే ఆ రేపు ఇంకో రేపటికి పోయేది.

ఒక పొద్దున బయటికి తీసుకెళ్దామని మెట్ల దగ్గరికి వచ్చాడు. కలెక్టరు మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఉన్నట్టుండి ఎడమ పక్కకి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడి, మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ కింది మలుపు దాకా పడిపోయింది.

"కలెక్టరూ!" పట్టాభి దాని ఎడమ పక్కన కూలబడి పిలిచాడు. అది ఆయన కోసం కుడి పక్కన వెతికింది. మళ్లీ పిలిచాడు. మళ్లీ అటే వెతికింది. పక్కనే ఉన్న మనిషి గొంతు ఎటు నుంచి వస్తోందో దానికి తెలియడం లేదు. ఏదో తప్పు చేసినట్టు తోక నేలకేసి మెల్లగా కొట్టింది.

చప్పుడుకి అంతయ్య పరిగెత్తుకొచ్చాడు. మారుమాట లేకుండా కుక్కని భుజాన వేసుకుని ఆటోలో పడుకోబెట్టాడు. ఎల్‌బీ నగర్ దాకా మెట్రో స్తంభాల మధ్య బస్సుల్ని తప్పించుకుంటూ, ఆర్టీసీ డ్రైవరు ఆటో నడిపితే ఎలా ఉంటుందో అలా నడిపాడు. పట్టాభి ఒళ్లో కుక్క తల పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తల కాలిపోతోంది.

డాక్టర్ సౌజన్య చూసి, ఇంజెక్షన్ చేసి, గంభీరంగా అడిగింది. "డ్రాప్స్ వేస్తున్నరా సార్?"

"వేస్తున్నానమ్మా."

"రెండు పూటలా?"

పట్టాభి గోడ మీద ఆవు బొమ్మ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. అబద్ధం ఆడటం రాని మనిషి. చివరికి ఉన్నదంతా చెప్పేశాడు. గది సంగతి, దీపాల వేళ సంగతి, మందు వేస్తే కుక్క వెళ్లకపోవడం, వెయ్యకపోతే వెళ్లడం. శభాష్ ఒక్కటే దాచుకున్నాడు. పక్కన నిలబడ్డ అంతయ్య కళ్లు తుడుచుకున్నాడు.

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది. ఆ పిల్ల కుక్క నుదురు నిమురుతూ అంది. "మా నాయన పోయినప్పుడు ఆయన ఫోను బంద్ కానియ్యలే సార్ మేము. ఏడాది దాకా రీచార్జ్ చేపిచ్చినం. అమ్మ రోజూ ఆ నంబరుకు కొట్టి, రింగు ఇనేది. గని ఆ ఫోనుకు నొప్పి లేకుండె సార్. దీనికి ఉన్నది."

పట్టాభికి ఆ మాట గుండెలో దిగిపోయింది. ఇన్ని సాయంత్రాలు తను సంతోషంగా ఉన్నాడు. ఇన్ని సాయంత్రాలు అది నొప్పితో తల వంచుకుని కూర్చుంది. ఒకే హాల్లో, ఒకే వేళకి.

"వినికిడి?" అన్నాడు.

"ఇప్పుడే చెప్పలేను. మందులు వేసినంక చూద్దాం. ఈసారి ఆపితే మాత్రం ఏం చెయ్యలేం."

ఇంటికి తెచ్చాడు. ఆ సాయంత్రం సీసా చేతిలో పట్టుకుని మూసిన తలుపు ముందు నిలబడ్డాడు. ఇది వేస్తే ఇక ఎవరూ ఆ తలుపు దగ్గరికి రారు. ఆవిడ లోపల ఉంటే, పిలిచి పిలిచి, ఎవరూ పలకకపోతే ఏమనుకుంటుంది?

"ఏమీ అనుకోకు అమ్మాజీ" అన్నాడు పైకే. "వీడికి నొప్పిగా ఉంది."

వెళ్లి దివాన్ మీద కూర్చుని, కుక్క తల ఒళ్లోకి తీసుకుని, చెవిలో చుక్కలు వేశాడు.

తర్వాతి రోజులు చాలా కష్టంగా గడిచాయి. దీపాల వేళకి ఇల్లు నిజంగా చచ్చిపోయినట్టుండేది. కలెక్టరు దివాన్ కింద మత్తుగా పడుకునేది. తలుపు, తాళం, దాని ముందు ఖాళీ నేల. పట్టాభి కబుర్లు చెప్పడానికి నోరు తెరిచేవాడు కానీ, వినేవాళ్లు ఉన్నారన్న గుర్తు ఒక్కటీ లేక మూసేసేవాడు. రెండోసారి పోయింది అమ్మాజీ అనిపించింది. మొదటిసారి చుట్టాలొచ్చారు, ఏడవడానికి తోడు దొరికింది. ఈసారి అది కూడా లేదు. అయినా రెండు పూటలా మందు వేశాడు. అరవడం మానేశాడు, అరిచే ఓపిక కూడా లేదు. గిన్నెలో అన్నం కలిపి పక్కన కూర్చుంటే కొద్దికొద్దిగా తినేది.

మెల్లగా వాసన పోయింది. గుండ్రంగా తిరగడం ఆగింది. ఒకనాడు పొద్దున ఎడమ చెప్పు కొరికి ముక్కలు చేసింది. ఆ ముక్కలు చేతిలో పట్టుకుని పట్టాభి కిందికి వెళ్లి అంతయ్యకి చూపించాడు. ఇద్దరూ పండగలా నవ్వుకున్నారు. సౌజన్య దాని ఎడమ పక్కన చిటిక వేస్తే అటు తిరిగింది. "వినికిడి కొంచం తగ్గింది సార్ గని, పోలే" అంది. తల తిన్నగా నిలబడింది.

చెవి బాగయింది, ఇక తలుపు దగ్గరికి వెళ్లదు అని పట్టాభి సమాధానపడిపోయాడు. గది తెరవడానికి ఇంకా నెల పైన ఉంది. తెరిచినా ఖాళీ గదే కదా అనుకున్నాడు.

ఒక సాయంత్రం వాన వచ్చేలా ఉంది. కిటికీలు వేసి వచ్చి కూర్చున్నాడు. ఎక్కడో కుక్కరు కూసింది. కలెక్టరు లేచి ఒళ్లు విరుచుకుంది. గోళ్ల చప్పుడు చేసుకుంటూ మూసిన గది దగ్గరికి నడిచింది.

కుక్క తల వంచలేదు. తిన్నగా తలుపు వైపు చూస్తూ కూర్చుంది. పడుకుంది. లేచి కూర్చుని చెయ్యెత్తి చాపింది.

ముందు పట్టాభికి పట్టరాని సంతోషం వేసింది. ఉంది! చెవితో పని లేదు, మందుతో పని లేదు, అమ్మాజీ ఇంకా ఉంది! లేవబోయాడు. అప్పుడు కుక్క కాలు ఆయన కంట పడింది.

గాల్లో చాపిన ఆ కాలు మెల్లగా వణుకుతోంది. తలుపు తెరుచుకోలేదు. కాలు దించింది. తను సరిగ్గా చెయ్యలేదేమో అన్నట్టు సర్దుకుని కూర్చుని, ఇంకాస్త నిటారుగా, మళ్లీ ఎత్తింది. ఎవరూ పట్టుకోలేదు. దించింది. ఈసారి ఎడమది ఎత్తి చూసింది. ఇన్నాళ్లూ ఆయన తలనే చూశాడు, చెవినే చూశాడు. ఈ కాలుని ఒక్కనాడూ సరిగ్గా చూడలేదు.

చేసినా ఏం దొరకకపోతే ఎవరు చేస్తరు చెప్పండి, అంది డాక్టరు.

ఇదిగో, చేస్తున్నవాడు ఇక్కడున్నాడు. లోపలి నుంచి ఎవరూ పిలవలేదు. పిలుస్తున్నది వీడు. అన్నీ నేర్పినట్టే చేస్తున్నాను కదా, ఎందుకు రావడం లేదని నెలల తరబడి రోజూ తలుపు ముందు నిలబడి అడుగుతున్నాడు. మెచ్చుకునే మాట లేదు, గుడ్డు ముక్క లేదు, చెవి నిండా చీము. అయినా మానలేదు. ఆ ఇంట్లో అమ్మాజీ కోసం కాచుకుని కూర్చున్నది తానొక్కడే అనుకున్నాడు పట్టాభి. బారెడు దూరంలో ఇంకొకడు చెయ్యి చాపుకుని కూర్చుంటే, ఆ చెయ్యి అందుకోవాలని తట్టలేదు.

మోకాళ్లు పట్టుకుని లేచాడు. వెళ్లి కుక్కకీ తలుపుకీ మధ్య నేల మీద చతికిలబడ్డాడు. వీపు తలుపుకి ఆనింది. చెక్క చల్లగా తగిలింది, లోపల ఏసీ వేసి పెట్టిన గది తలుపులా. ఆయన లేవలేదు.

"చెయ్యి" అన్నాడు మెల్లగా.

కలెక్టరు ఆయన మొహం వైపు చూశాడు. ఆయన భుజం మీదుగా తలుపు వైపు చూశాడు. మళ్లీ ఆయన వైపు చూశాడు. చాలాసేపు ఆలోచించి, కుడికాలు ఎత్తాడు. పట్టాభి దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. గరుకుగా, వెచ్చగా ఉంది.

"శభాష్."

గొంతు బాగా దించి, రహస్యం చెప్పినట్టు. ఆ సాయంత్రం టీ ఒలికినప్పుడు వినిపించిన శభాషే అది, అణువంత తేడా లేదు. పట్టాభి వీపు తలుపు మీద బిగుసుకుంది. అన్నది తనేనా? అప్పుడు కూడా తనేనా? లేక ఇప్పుడు కూడా ఆవిడేనా? తల తిప్పి చూశాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది. పెదవులు తడుముకున్నాడు. అవి తెరుచుకునే ఉన్నాయి. అంతకు మించి రుజువు దొరకలేదు, ఆయన వెతకనూ లేదు.

కలెక్టరు అవేవీ పట్టించుకోలేదు. ఆయన అరచేతుల్ని ఒకదాని తర్వాత ఒకటి శ్రద్ధగా వాసన చూశాడు. రెండూ ఖాళీవే. నిలబడిన చెవి, వాలిన చెవి రెండూ ముందుకి పెట్టి నిలదీసినట్టు చూశాడు.

"అవున్రా, గుడ్డు" అన్నాడు పట్టాభి. "ఉండు. ఇక్కడే ఉండు."

తలుపు పట్టుకుని లేచి వంటింట్లోకి నడిచాడు. గిన్నెలో నీళ్లు పోసి, గుడ్డు వేసి, స్టవ్ వెలిగించాడు. బయట వాన మొదలైంది. వెనక గోళ్ల చప్పుడు వినపడలేదు. వెళ్లిపోయాడేమో, మళ్లీ ఆ తలుపుకే చెయ్యి చాపుతున్నాడేమో అని బెదురుగా గుమ్మంలోంచి తొంగి చూశాడు.

కలెక్టరు కదల్లేదు. మూసిన గదికి వీపు పెట్టి, వంటింటి వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు.